గాలిబండి ఇరుసు విరిగింది, వెల్డు మాత్రం చెక్కుచెదరలేదు

తెరచాప పాలమూరు | మహబూబ్‌నగర్ | జూన్ 2, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ చదువుతున్నానే కాని రాయడం ఇదే మొదలు. ఇలాంటి కబురుతో మొదలుపెడతానని అనుకోలేదు.

మూడు చక్రాల గాలిబండి చేశాను. పడవకు కట్టే తెరచాపను బండికి కట్టి నేల మీద నడపడం అన్నమాట. మోటారు లేదు, పెడళ్లు లేవు. ముందు ఒక చక్రం, వెనుక రెండు. పొడవునా ఒక వెన్ను పైపు, వెనుక అడ్డంగా ఇరుసు. రెండూ ఒకటిన్నర అంగుళం జీఐ పైపే, అంటే పైపుల సైజు లెక్కలో 40 ఎన్‌బీ, పసుపు గీత ఉన్న లైట్ రకం. వెనుక చక్రాల మధ్య దూరం 1.8 మీటర్లు. నేను 70 కిలోలు, బండి దాదాపు 50. తెరచాప 4 చదరపు మీటర్ల టార్పాలిన్.

వెన్ను పైపు కొసను ఇరుసు నడుమకు ఆనించి చుట్టూ వెల్డింగ్ చేయించాను. చూడటానికి ముచ్చటగా ఉంది, నాణేలు పేర్చినట్టు.

ఆదివారం జడ్చర్ల వైపు ఒక వెంచర్‌లోకి తీసుకెళ్లాను. నలభై అడుగుల తారు రోడ్లు, హద్దురాళ్లు, ఒక్క ఇల్లు లేదు. గాలి పడమటి నుంచి బాగానే వీస్తోంది. మూడో మలుపులో గాలివైపు చక్రం నేల వదిలింది, ఒక క్షణం అలాగే ఉండి దబ్బున దిగింది. టప్పుమని శబ్దం. ఇరుసు నడుమ భాగం నేలకు వాలి, నేను తారు మీద పది అడుగులు జారాను. ప్యాంటు పోయింది, మోకాలు మిగిలింది.

తీసి చూస్తే ఇరుసు పైపు కిందివైపు సగం చుట్టు చిరిగిపోయి ఉంది. చిరిగింది వెల్డులో కాదు, వెల్డును ఆనుకుని పైపులో. మళ్లీ అక్కడే వెల్డు చేయించాలా, పట్టీలు వేయించాలా, వెల్డింగ్ మానేసి బోల్టులకు పోవాలా? ఎవరైనా చెప్పగలరా?


పాత హోల్డర్ | మిర్యాలగూడ | జూన్ 2, రాత్రి 10:15

దెబ్బలు పెద్దగా తగలనందుకు సంతోషం.

ముప్పై ఏళ్లు రైసు మిల్లుల్లో ఎలివేటర్లు, హాపర్లు అతికించిన వాడిని. మూడు సంగతులు అడుగుతాను. వెల్డింగ్ రాడ్డు ఏ సైజు? జీఐ పైపు అంటున్నారు కదా, పైనున్న జింకు గ్రైండర్‌తో తీసి చేశారా, అలాగే చేశారా? మూడోది మీరే చేసి చెప్పాలి. చిరగని వైపు, వెల్డు అంచు పైపును కలిసే చోట బొటనవేలి గోరు ఆనించి పైపు మీది నుంచి వెల్డు వైపు నెమ్మదిగా లాగండి. గోరు జారిపోతుందా, ఎక్కడైనా తట్టుకుంటుందా?


తెరచాప పాలమూరు | జూన్ 3, ఉదయం 6:50

రాడ్డు 3.15. జింకు తీయలేదు. తెల్లటి పొగ బాగా వచ్చింది, షట్టరు సగం దించి ఉంది, పైపు పట్టుకుని నేను పక్కనే కూర్చున్నాను.

గోరు తట్టుకుంది అన్నగారూ. తట్టుకోవడం కాదు, దిగింది. వెల్డు పక్కనే పొడవునా సన్నని గాడి ఉంది. మెరుపు కింద ఇన్నాళ్లూ కనిపించలేదు.


పాత హోల్డర్ | జూన్ 3, ఉదయం 7:30

ఆ గాడే మీ ఇరుసును తినేసింది. మేం దాన్ని అంచు తినడం అంటాం. కరెంటు ఎక్కువ పెట్టి, రాడ్డు ఆపకుండా లాగితే పైపు అంచు కరిగి వెల్డులోకి పోతుంది, ఆ ఖాళీ నిండదు. మీ పైపు మందం 2.9 మిల్లీమీటర్లు. అందులో అర మిల్లీమీటరు గాడి పడిందంటే మిగిలింది ఎంతో మీరే లెక్క వేసుకోండి. కాగితం చింపే ముందు గోటితో గీత గీస్తాం చూడండి, అదే పని ఇక్కడ జరిగింది. మెత్తని ఉక్కు వెల్డింగ్ వేడికి అంత తేలిగ్గా చెడదు. వెల్డు గట్టిదే, పైపూ గట్టిదే, వాటి సరిహద్దు చెడింది.

ఈ మందానికి 2.5 రాడ్డు చాలు, 6013 రకం, డెబ్బై ఎనభై ఆంపియర్లు. నాలుగు వైపులా డాట్లు, అంటే చిన్న చిన్న వెల్డు చుక్కలు, పెట్టుకుని, ఎదురెదురుగా కొంచెం కొంచెం పూర్తి చేయాలి. ఒకే వైపు మొదలుపెట్టి చుట్టూ లాగేస్తే చల్లారేటప్పుడు వెల్డు తన వైపుకు గుంజి ఇరుసు వంకర పోతుంది.

పొగ సంగతి. ఆ రాత్రి చలిజ్వరం వచ్చిందా?


తెరచాప పాలమూరు | జూన్ 3, ఉదయం 7:42

వచ్చింది! మలేరియా అనుకున్నాను. మర్నాడు సాయంత్రానికి ఏమీ లేదు. మీకెలా తెలిసింది?


పాత హోల్డర్ | జూన్ 3, ఉదయం 8:05

జింకు జ్వరం. పొగ పీల్చిన కొన్ని గంటలకు వణుకు, నోట్లో లోహపు రుచి, ఒళ్లు నొప్పులు. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. మా వాళ్లు బెల్లం తింటారు, పాలు తాగుతారు. నేనూ తాగాను. పాలు మంచివే కాని జింకును ఆపవు. రెండు వైపులా రెండేసి అంగుళాలు జింకు గ్రైండర్‌తో తీసేసి, ఆరుబయట, గాలికి వీపు పెట్టి చేయాలి. ఆయాసం వస్తే మాత్రం బెల్లంతో సరిపెట్టకుండా ఆసుపత్రికి వెళ్లాలి.


లెక్కల కొలిమి | సూర్యాపేట | జూన్ 3, మధ్యాహ్నం 1:20

పాత హోల్డర్ గారు చెప్పింది నిజమే. కాని గాడి లేకపోయినా ఆ ఇరుసు ఎక్కువ కాలం నిలిచేది కాదు. భోజన విరామంలో లెక్క వేశాను.

మొత్తం 120 కిలోల్లో వెనుక ఇరుసు మీద పడేది 90 అనుకుందాం. గాలివైపు చక్రం లేచినప్పుడు ఆ 90 కిలోలూ ఒక్క చక్రమే మోస్తుంది. ఆ చక్రం నుంచి నడుమకు 0.9 మీటర్లు. అంటే నడుమ మీద వంపు దాదాపు 795 న్యూటన్ మీటర్లు. 48.3 బయటి వ్యాసం, 2.9 మందం ఉన్న పైపులో దీనివల్ల పుట్టే ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు దాదాపు 179 న్యూటన్లు. ఈ తరగతి ఉక్కు 210 ప్రాంతంలో సాగడం మొదలుపెడుతుంది. బండి కదలకుండా నిలబడి ఉన్న లెక్క ఇది. లేచిన చక్రం దబ్బున దిగితే రెట్టింపు అనుకోవచ్చు.

అసలు తప్పు ఇంకొకటి ఉంది. వంపు అన్నిటికన్నా ఎక్కువ పడే చోటు ఇరుసు నడుమ. అందులోనూ సాగుడు పడేది అడుగు భాగంలో. సరిగ్గా అక్కడే మీరు వెల్డు పెట్టించారు. చేసిన మనిషిని తప్పుపట్టి లాభం లేదు, అక్కడ చేయమన్నది మీరే కదా.


తెరచాప పాలమూరు | జూన్ 3, సాయంత్రం 5:10

ఒప్పుకుంటున్నాను. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. ఈ మాట మా విద్యార్థులకు చేరనివ్వకండి.


బోరుబావి | దేవరకొండ | జూన్ 3, రాత్రి 8:00

వెల్డింగ్ గొడవే వద్దు తమ్ముడూ. మా దగ్గర ఎండిపోయిన బోర్ల నుంచి తీసిన జీఐ పైపులు గుట్టలుగా పడి ఉన్నాయి. కొసలకు మరలు ఉంటాయి, సాకెట్లు ఉంటాయి. టీ ముక్క తెచ్చి బిగించుకో. మూడు వందల అడుగుల లోతున మోటారును, నీళ్ల బరువును కలిపి మోసిన సాకెట్టు నీ బండిని మోయదా?


వర్క్‌షాప్ అక్క | నల్లగొండ | జూన్ 3, రాత్రి 9:25

బోరుబావి అన్నగారూ, మీ సాకెట్టు మోసింది వేలాడే బరువును. లాగుడుకు మర బాగానే ఆగుతుంది, వంపుకు ఆగదు. నేను ఐటీఐ వర్క్‌షాపులో పిల్లలకు మర తీయడం నేర్పిస్తాను, కాబట్టి ఈ ఒక్క విషయంలో గట్టిగా మాట్లాడతాను. 40 ఎన్‌బీ పైపుకు అంగుళానికి 11 మరలు. ఒక్కో మర లోతు దాదాపు 1.48 మిల్లీమీటర్లు. పైపు మందం 3.2 ఉంటే మర అడుగున మిగిలేది 1.7. పైగా ప్రతి మరా ఒక పదునైన గాడి. తెరచాప తమ్ముడికి ఒక్క గాడితోనే ఇరుసు పోయింది, మీరు పదిహేను గాళ్లు ఇస్తానంటున్నారు. వంగిన పైపు ఎప్పుడూ సాకెట్టు బయట కనిపించే మొదటి మర దగ్గరే తెగుతుంది. చేతిపంపు హ్యాండిల్‌కు పైపు తొడిగి వాడిన వాళ్లను అడగండి.


బోరుబావి | జూన్ 3, రాత్రి 9:50

అమ్మా, నువ్వు చెప్పాక కాదనను. పైపులు మాత్రం ఉన్నాయి, ఎవరికైనా కావాలంటే కిలో లెక్కన ఇస్తాను. లోపల సున్నపు పొర కట్టి ఉంటుంది, మా నీళ్ల సంగతి తెలిసిందే కదా.


సైకిల్ వైద్యుడు | వనపర్తి | జూన్ 4, ఉదయం 10:30

ఇన్ని మాటలైనా ఇత్తడి పేరు ఎవరూ ఎత్తలేదు. మన తాతలు తొక్కిన నల్ల సైకిళ్లు ఎలా అతికించినవి? పైపు కొసలు లగ్గుల్లో, అంటే అతుకు దగ్గరి ఉక్కు తొడుగుల్లో, దూర్చి ఇత్తడి పారించినవి. రెండు బస్తాల వడ్లు వేసుకుని రాళ్ల బాటలో నడిచినా ఫ్రేము అతుకు ఊడిన సైకిలు నా దుకాణానికి వచ్చింది చాలా తక్కువ. ఇత్తడి 900 డిగ్రీల దగ్గర పారుతుంది, ఉక్కు కరగాలంటే 1500 కావాలి. పైపు కరగదు కాబట్టి అంచు తినే ప్రశ్నే లేదు. గ్యాసు మంట, ఇత్తడి పారడానికి వేసే పొడి, ఇత్తడి కడ్డీ ఉంటే చాలు.


పాత హోల్డర్ | జూన్ 4, ఉదయం 11:05

వైద్యుడు గారూ, సైకిలు పైపు మందం ఎంత, ఈ ఇరుసు మందం ఎంత? ఇంత లావు పైపును చుట్టూ ఎర్రగా కాల్చాలంటే మీ చిన్న మంట సరిపోదు. ఒక వైపు ఇత్తడి పారేలోగా ఇంకో వైపు చల్లారుతుంది.


సైకిల్ వైద్యుడు | జూన్ 4, ఉదయం 11:20

పెద్ద ముక్కు పెడతాం. మీకు హోల్డరు తప్ప ఇంకేదీ కంటికి ఆనదు.


వర్క్‌షాప్ అక్క | జూన్ 4, మధ్యాహ్నం 12:40

ఇద్దరూ పెద్దవాళ్లు, మధ్యలోకి వస్తున్నందుకు క్షమించాలి. ఇత్తడి బలం లగ్గులోనే ఉంది. పైపు లోపలికి దూరి, సన్నని సందులో నలువైపులా ఇత్తడి పరుచుకుంటేనే ఆ గట్టిదనం. లగ్గు లేకుండా పైపుకు పైపు ఆనించి ఇత్తడి పోస్తే వైద్యుడు గారు చెప్పిన సైకిలు బలం రాదు. 48 మిల్లీమీటర్ల పైపుకు లగ్గు ఎక్కడ దొరుకుతుంది? కూర్చునే సీటు ఫ్రేము 16 గేజీ పైపుతో చేస్తే అక్కడ మాత్రం ఇత్తడే మేలు. ఆ పలుచదనానికి రాడ్డు పెడితే చిల్లులు పడతాయి.

తమ్ముడూ, ఒక్కటి గుర్తుపెట్టుకో. ఒకసారి ఇత్తడి పోసిన చోట మళ్లీ ఆర్క్ వెల్డింగ్ చేయించకూడదు. కరిగిన రాగి ఉక్కు రేణువుల మధ్య సందుల్లోకి దూరి, చల్లారేటప్పుడు పగుళ్లు తెస్తుంది. పైకి కనిపించవు. బండి మీద నువ్వు ఉన్నప్పుడు కనిపిస్తాయి.


సోమశిల గట్టు | కొల్లాపూర్ | జూన్ 4, రాత్రి 7:15

అతుకుల గురించి నాకేమీ తెలియదు, ఈ బండ్లంటే పిచ్చి మాత్రం ఉంది. 1600 ప్రాంతంలోనే హాలండ్‌లో సైమన్ స్టెవిన్ అనే గణితవేత్త తమ రాకుమారుడి కోసం తెరచాప బండి చేసి సముద్రపు ఒడ్డున పరుగెత్తించాడు. 2009లో గ్రీన్‌బర్డ్ అనే బండి అమెరికాలోని ఎండిన సరస్సులో గంటకు 202.9 కిలోమీటర్లు అందుకుంది. 2022 డిసెంబరులో న్యూజిలాండ్ వాళ్ల హోరోనుకు ఆస్ట్రేలియాలోని గెయిర్డ్‌నర్ ఉప్పు సరస్సు మీద 222.4 చేసింది. మనకేమో వెంచర్ రోడ్డు.

ఎండాకాలం శ్రీశైలం వెనుక జలాలు తగ్గాక మా సోమశిల దగ్గర నేల ఎంత విశాలంగా బయటపడుతుందో చూశారా? నెర్రెలు లేని ఇసుక పట్టీ వెతుక్కుంటే చాలు. ఇరుసు బాగుపడ్డాక ఒకసారి రండి.


లెక్కల కొలిమి | జూన్ 4, రాత్రి 10:00

అసలు పనికి వద్దాం. రెండు దారులు కనిపిస్తున్నాయి.

ఒకటి, ఇరుసుకు 50 ఎన్‌బీ పైపు వాడటం. బయటి వ్యాసం 60.3, లైట్ రకం మందం అదే 2.9. ఒత్తిడి 179 నుంచి 111కు దిగుతుంది.

రెండోది నాకు ఎక్కువ నచ్చింది. 40 ఎన్‌బీ లైట్ పైపు లోపలి వ్యాసం 42.5. 32 ఎన్‌బీ పైపు బయటి వ్యాసం 42.4. పెన్ను మూతలా దూరుతుంది. కొత్త 40 ఎన్‌బీ ఇరుసు తీసుకుని నడిమి 600 మిల్లీమీటర్లలో 32 లైట్ పైపు ముక్క దూరిస్తే ఒత్తిడి 112. అంటే 50 ఎన్‌బీ బలమే. ముక్క అయిపోయే చోట, నడుమకు 300 దూరంలో, వంపు తగ్గి ఒంటి పైపు మీద 120 వస్తుంది. బరువు రెండు దారుల్లోనూ ఏడున్నర కిలోల లోపే. బలం కావలసిన చోట మాత్రమే లోహం ఉంటుంది. చక్రాల వైపు కొసలు పాత సైజులోనే ఉంటాయి కాబట్టి మీ చక్రాల అమరిక మార్చనక్కర లేదు.


బోరుబావి | జూన్ 5, ఉదయం 6:30

ఇప్పుడే మా కొట్టంలో దూర్చి చూశాను. దూరలేదు. లెక్క తప్పింది.


లెక్కల కొలిమి | జూన్ 5, ఉదయం 7:10

మీ పైపు మీద గీత ఏ రంగు అన్నా?


బోరుబావి | జూన్ 5, ఉదయం 7:25

రంగు ఎప్పుడో పోయింది. ఒక చోట నీలం మరక ఉన్నట్టుంది.


లెక్కల కొలిమి | జూన్ 5, ఉదయం 7:40

నీలం అంటే మీడియం రకం, మందం 3.2. లోపల మిగిలేది 41.9, అందులో 42.4 ఎలా దూరుతుంది? పసుపు లైట్, నీలం మీడియం, ఎరుపు హెవీ. బోర్లకు లైట్ రకం దించరు కదా. తెరచాప గారి పైపు పసుపు కాబట్టి ఆయనకు దూరాలి.


వర్క్‌షాప్ అక్క | జూన్ 5, ఉదయం 9:00

దూరాలి, కాని తేలిగ్గా దూరదు. పైపు లోపల పొడవునా ఒక అతుకు గీత ఉంటుంది. రేకును చుట్టి అతికించినప్పుడు మిగిలిన గట్టు అది. వేలు పెడితే తెలుస్తుంది. కడ్డీకి అరగుండ్రటి ఆకురాయి కట్టి ఆ గట్టును అరగదీయాలి, లేదా లోపలి ముక్క మీద ఆ గట్టు పట్టేలా పొడవునా కొంచెం అరగదీయాలి. రెండోది సులువు. జీఐ అయితే లోపలి జింకు బొట్లు కూడా అడ్డుపడతాయి. గ్రీజు పూసి, చెక్క ముక్క అడ్డం పెట్టి సుత్తితో కొట్టండి, నేరుగా కొడితే కొస విచ్చుకుంటుంది.

లోపలి ముక్క కొసలు నిటారుగా కోయకండి, 30 డిగ్రీల వాలుగా కోయండి. విమానాల ఉక్కు గొట్టాలను బాగుచేసేటప్పుడు లోపలి తొడుగు పెడితే వాలు కోతే పెట్టడం ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. నిటారు కోత దగ్గర బలం ఒక్కసారిగా తగ్గి, వంపంతా ఆ గీత మీద పడుతుంది.


తెరచాప పాలమూరు | జూన్ 5, రాత్రి 8:30

ఇరుసు సంగతి అర్థమైంది. మరి వెన్ను పైపుకు దాన్ని ఎలా కలపాలి? నడుమన వెల్డు వద్దన్నారు, రంధ్రమూ వద్దంటారేమో. ఇంకొక ఇబ్బంది, బండి విడదీస్తే తప్ప ఆటో ట్రాలీలో పట్టదు.


పాత హోల్డర్ | జూన్ 5, రాత్రి 9:10

పాత టీవీ యాంటెనా కర్రకు అడ్డకడ్డీ ఎలా బిగించేవారో గుర్తుందా? అదే. 150 మిల్లీమీటర్ల చదరపు పలక, 6 మిల్లీమీటర్ల మందం. వెన్ను పైపు పలకకు పైన, ఇరుసు పలకకు కింద, ఒకదానికొకటి అడ్డంగా. ఒక్కో పైపుకు రెండేసి యూ బోల్టులు. ఇరుసును పట్టే రెండు యూ బోల్టులు ఎంత ఎడంగా ఉంటే అంత మంచిది. ఇరుసుకు వెల్డు లేదు, విడదీయాలంటే ఎనిమిది నట్లు విప్పితే చాలు.

గుండ్రటి పైపు చదును పలక మీద ఒక్క గీతలోనే ఆనుతుంది. అందుకని పలకకు రెండు చిన్న యాంగిల్ ముక్కలు వెల్డు చేసి, పైపు ఆ రెంటి మధ్య కూర్చునేలా చేయండి. వెల్డింగ్ ముచ్చట పలక మీద తీర్చుకోండి, అక్కడ ఎంత లావు పెట్టినా నష్టం లేదు. ట్యూబు రబ్బరు ముక్క అడ్డం పెట్టాలని మాత్రం అనిపిస్తుంది, పెట్టకండి. రబ్బరు నలిగి నట్లు వదులవుతాయి.


వర్క్‌షాప్ అక్క | జూన్ 5, రాత్రి 9:45

దానికి తోడు, లోపలి ముక్క ఉండటం వల్ల యూ బోల్టు బిగించినా పైపు నొక్కుకుపోదు. ఖాళీ పైపు అయితే కోడిగుడ్డులా అయ్యేది.


తెరచాప పాలమూరు | జూన్ 22, రాత్రి 9:00

పదిహేడు రోజుల తర్వాత వస్తున్నాను. సప్లిమెంటరీ పేపర్లు దిద్దే పని పడింది.

ఇరుసు చేశాను. లోపలి ముక్క దూర్చడానికి ఒక పూట పట్టింది. అక్క చెప్పినట్టు అతుకు గట్టుకు సరిపడా అరగదీసి, గ్రీజు పూసి, వేప కొయ్య అడ్డం పెట్టి కొట్టాం. సగం వరకు సుత్తి దెబ్బకు వేలెడు చొప్పున వెళ్లింది, ఆ తర్వాత మొరాయించింది. మా నాన్న వచ్చి బయటి పైపును ఎండలో పెట్టమన్నారు, లోపలి ముక్క మీద తడి గోనె కప్పమన్నారు. మధ్యాహ్నం రెండు గంటలకు నాలుగు దెబ్బల్లో దూరింది. ఫిజిక్సు మాస్టారు ఇంట్లో ఆ ఆలోచన ముప్పై ఏళ్లు ఆర్టీసీ గ్యారేజీలో పనిచేసిన మనిషికి రావడం గురించి ఇంట్లో ఇప్పటికీ మాట్లాడుకుంటున్నారు.

పలక, యూ బోల్టులు పాత హోల్డర్ గారు చెప్పినట్టే. నిన్న కోయిల్‌సాగర్ నీళ్లు తగ్గిన అంచున, గొర్రెలు తొక్కి గట్టిపడిన నేల మీద నడిపాం. మృగశిర దాటినా అక్కడ ఇంకా వాన పడలేదు, గాలి మాత్రం దుమ్ము రేపుతోంది. చక్రం నాలుగుసార్లు లేచి దిగింది. ఇరుసు కిమ్మనలేదు.

కాని గంట తర్వాత బండి బరువెక్కినట్టయింది. అదే గాలికి సగం వేగం. దిగి చూస్తే రెండు వెనుక టైర్లూ లోపలి అంచున నూలు నూలుగా అరిగి ఉన్నాయి. ఇరుసు యూ బోల్టుల్లో తిరిగిపోయింది. ఇరుసు కొసల్లో చక్రాలు తొడిగే కడ్డీలను కొంచెం వాలుగా పెట్టాను, ఇరుసు తిరిగేసరికి ఆ వాలు పక్కకు మళ్లి, రెండు చక్రాలూ చెరో దిక్కు చూస్తున్నాయి.


లెక్కల కొలిమి | జూన్ 22, రాత్రి 9:35

అది ఊహించి ఉండాల్సింది, నా పొరపాటు. ఒక్క 8 మిల్లీమీటర్ల బోల్టు చాలు. పలక నుంచి ఒక చెవి కిందికి దించి, దాని గుండా ఇరుసుకు అడ్డంగా బోల్టు వేయండి. రంధ్రం ముందు నుంచి వెనక్కి పోవాలి, పై నుంచి కిందికి కాదు. పైపు వంగినప్పుడు పై భాగం నొక్కుకుంటుంది, కింది భాగం సాగుతుంది, నడిమి ఎత్తులో రెండూ ఉండవు. అక్కడ రంధ్రం పడినా ఇరుసు పట్టించుకోదు. లోపలి ముక్క జారకుండా కూడా అదే బోల్టు పట్టి ఉంచుతుంది.

బోల్టు వేసే ముందు చక్రాలు సరిచూసుకోండి. చక్రాల ముందు అంచుల మధ్య, వెనుక అంచుల మధ్య నూలు దారంతో కొలవండి. రెండూ సమానమయ్యాకే రంధ్రం.


తెరచాప పాలమూరు | జూన్ 24, రాత్రి 8:20

వేశాను. దారంతో కొలిస్తే ముందుకు వెనక్కు 22 మిల్లీమీటర్ల తేడా వచ్చింది! సరిచేసి బోల్టు బిగించాక చేత్తో ఒక్క తోపు తోస్తే బండి మా వీధి చివర దాకా పోయింది. వెనక కుక్కలు.

తర్వాతి ప్రశ్న. తెరచాప నిలిపే రెండు ముక్కల అల్యూమినియం కొయ్య వెన్ను పైపు మీద ఒక గుంటలో నిలబడుతుంది. ఆ గుంట కూడా 40 ఎన్‌బీ ముక్కే, వెన్ను మీద నిటారుగా వెల్డు చేయాలి. పైపు మీద పైపు నిలబెడితే రెండు వైపులా పెద్ద సందు వస్తోంది.


వర్క్‌షాప్ అక్క | జూన్ 24, రాత్రి 9:15

ఆ సందును రాడ్డుతో పూడ్చకూడదు, కొసను చేప నోరులా కోయాలి. మా పిల్లలకు చెప్పే పద్ధతి ఇది. 152 మిల్లీమీటర్ల పొడవు కాగితం తీసుకో, పైపు చుట్టుకొలత అంతే. దాన్ని తొమ్మిదిన్నర చొప్పున 16 భాగాలు చెయ్యి. అడుగు గీత నుంచి వరుసగా 0, 1.8, 7.1, 14.9, 24.2 ఎత్తుల్లో చుక్కలు పెట్టు, మళ్లీ అదే వరుసలో 14.9, 7.1, 1.8, 0కు దిగు. రెండో సగం కూడా ఇలాగే. చుక్కలు కలిపితే రెండు గుట్టలు వస్తాయి. పైపుకు చుట్టి, గుట్టలు కొస వైపు ఉండేలా అతికించి, గీతకు అవతల ఉన్నదంతా కోసేయ్. అంచులు ఆకురాయితో సరిచేస్తే వెన్ను మీద జీను వేసినట్టు కూర్చుంటుంది. వెన్ను పైపుకు చిల్లు మాత్రం పెట్టకు.

గుంట అడుగున పక్కకు 3 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి పెట్టు, వాన నీళ్లు నిలవవు. సీటు ఫ్రేములో రెండు కొసలూ మూసుకుపోయే పైపులకు కూడా పెట్టాలి. లేకపోతే లోపలి గాలి వేడెక్కి చివరి బొట్టును ఊదేస్తుంది, అక్కడ ఎన్నిసార్లు పూడ్చినా సూది బెజ్జం మిగులుతుంది.

అల్యూమినియం కొయ్య రెండు ముక్కలు అన్నావు కదా, వాటిని ఎవరు చెప్పినా వెల్డు చేయించకు. వేడి చేసి గట్టిపరిచిన అల్యూమినియం వెల్డు పక్కన దాదాపు సగం బలం పోగొట్టుకుంటుంది. లోపల తొడుగు వేసి అతుకు. ఇనుప గుంటలో దించే చోట కొయ్యకు టేపు చుట్టు, రెండు లోహాలూ తడిలో తగిలి ఉంటే అల్యూమినియం తెల్లగా పొడిలా తినుకుపోతుంది.


సైకిల్ వైద్యుడు | జూన్ 24, రాత్రి 10:00

సీటు ఫ్రేము ఎవరికి ఇచ్చావు తమ్ముడూ?


తెరచాప పాలమూరు | జూన్ 24, రాత్రి 10:05

మీకే అన్నగారూ. 16 గేజీ పైపు కోసి ఉంచాను. శనివారం వనపర్తి వస్తాను.


సైకిల్ వైద్యుడు | జూన్ 24, రాత్రి 10:07

రంగు పూసి తీసుకురాకు. వట్టి ఇనుము కనిపించాలి.


పాత హోల్డర్ | జూన్ 25, ఉదయం 6:40

ఆ విరిగిన ఇరుసు పాత సామాన్ల వాడికి వేయలేదు కదా? చిరిగిన చోటుకు అటూ ఇటూ అర అడుగు వదిలి కోసి మిర్యాలగూడ బస్సులో పార్సిల్ వేయండి. ఖర్చు నాది. నా దగ్గర ఇద్దరు కుర్రాళ్లు కరెంటు ఎక్కువ పెట్టి లాగుతున్నారు. చెబితే వినడం లేదు, గోరు పెట్టించాలి.